ఫ్లూ టీకా – వేయించుకున్న తరువాత
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "వచ్చేనెల మన హాలులో ఫ్లూ టీకా శిబిరం పెడుతున్నాము గదా, జనం వచ్చేటట్లు నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. నేను ఆ మంచి మాటలు చెప్పబోవడం లేదు. టీకా వేయించుకుంటే ఏమేమి బాధలు కలుగుతాయో, వాటిలో వేటికి భయపడాలో, వేటికి భయపడనక్కర లేదో, అదే చెబుతాను. కార్యదర్శిగారు కంగారు పడవద్దు. ఇందుకు కారణం వుంది.

నేను డాక్టరును కాను. ముప్పై రెండేళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. మీలో చాలామందికి "కాంపౌండరు భాయి"ని. మూడేళ్ళ కిందట ఇదే హాలులో మనం మొదటిసారి ఫ్లూ టీకా శిబిరం పెట్టినప్పుడు జనాన్ని కూడగట్టినవాణ్ణి నేనే. ఇంటింటికీ తిరిగాను. అందరికంటె ముందు మా ఖాలాను తీసుకొచ్చాను. ఖాలాకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు. షుగరు వుంది, బి.పి. వుంది. "ఏమన్నా అవుతుందా బేటా?" అని అడిగింది. "ఏమీ కాదు ఖాలా, చీమ కుట్టినట్లు వుంటుంది, అంతే" అన్నాను.

ఆ రాత్రికి భుజం వాచింది. పది గంటలకు ఒళ్ళు కాలిపోతోందని కబురొస్తే వెళ్ళి చూశాను. థర్మామీటరు పెడితే 101 వుంది. ఒళ్ళంతా కొట్టినట్లు నొప్పులు. ఆమె నన్ను తిట్టలేదు. "ఏమీ కాదన్నావు గదరా" అని మాత్రం అన్నది. మర్నాటికి జ్వరం తగ్గింది. మూడోనాడు ముక్కు కారటం, దగ్గు పట్టుకున్నాయి. అంతే, వీధి వీధంతా తేల్చేసింది: "సూది వేయించుకోబట్టే జ్వరమొచ్చింది, జలుబొచ్చింది. మంచి మనిషికి లేని రోగం అంటగట్టారు."

మరుసటి ఏడు నేను మళ్ళీ వెళితే ఖాలా తలుపు దాకా వచ్చి, టీ తాగి వెళ్ళమన్నది గాని టీకా మాట ఎత్తనివ్వలేదు. ఆమెను చూసి ఆ వీధిలో ఇంకో పదకొండు మంది మానేశారు. ఆ ఏడు వానాకాలం చివర ఆమెకు నిజమైన ఫ్లూ వచ్చింది. నాలుగోనాటికి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా అయింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో, అందులో ఐదు రోజులు ఆక్సిజన్ మీద వుంది. అల్లా దయవల్ల బ్రతికి బయటపడింది. కాని అంతకు ముందు రోజూ మిద్దె మీదికి వెళ్ళి బట్టలారేసుకునే మనిషి, ఇప్పుడు ఆ మెట్లు ఎక్కలేదు.

టీకా వేసుకుంటే ఆ ఫ్లూ తప్పక తప్పిపోయేదని నేననను. దాని లెక్క తరువాత చెబుతాను. కాని ఆమె మానెయ్యడానికి కారణం టీకా కాదు, జ్వరమూ కాదు. నేను చెప్పిన "ఏమీ కాదు" అన్న మాట. "ఒకరోజు జ్వరం రావచ్చు, చెయ్యి రెండు రోజులు నొప్పిగా వుంటుంది" అని ముందే చెప్పివుంటే, ఆ రాత్రి జ్వరం రాగానే "చెప్పాడు గదా" అనుకుని ఒక మాత్ర వేసుకుని పడుకునేది. అందుకని ఈసారి అన్నీ చెబుతాను.

ముందు ఆ సూదిలో వుండేదేమిటో చూద్దాం. ఫ్లూ రోగానికి కారణమైన వైరస్‌ను ఎక్కువగా కోడిగుడ్లలో పెంచుతారు. తరువాత రసాయనంతో దాన్ని చంపి, ముక్కలు చేసి, శుభ్రపరచి, అర మిల్లీలీటరు చొప్పున సూదిలోకి ఎక్కిస్తారు. మన వూళ్ళలో భుజానికి వేసేది ఈ రకమే. చచ్చి ముక్కలైన వైరస్ మళ్ళీ బ్రతికి రోగం తెచ్చిపెట్టలేదు. కోసిన కోడి గుడ్డు పెడుతుందా? ఇదీ అంతే. కాని మన శరీరానికి అది చచ్చినదో బ్రతికినదో తెలియదు. దొంగ ఫోటో స్టేషన్ గోడకు అంటించినట్లు, ఆ ముక్కల్ని చూసి శరీరం గుర్తుపెట్టుకుంటుంది. గుర్తుపెట్టుకునేటప్పుడు కొంత హడావుడి చేస్తుంది. రక్షణ కణాలు ఆ భుజం దగ్గరికి పరుగెత్తుతాయి, అక్కడ ఎర్రబడుతుంది, వాస్తుంది, నొప్పెడుతుంది. కొందరిలో ఆ హడావుడి కబురు మెదడు దాకా పోయి ఒళ్ళు వేడెక్కుతుంది, తలనొప్పి, కండరాల నొప్పులు, నీరసం వస్తాయి. ఇవన్నీ సాధారణంగా టీకా వేసిన రోజునే మొదలై ఒకటి రెండు రోజుల్లో పోతాయి. చిన్నపిల్లల్లోను, మొదటిసారి వేయించుకున్న వారిలోను కొంచెం ఎక్కువగా కనబడతాయి.

జలుబు సంగతి వేరు. టీకా వల్ల రక్షణ పుట్టడానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా బయట తిరిగే ఫ్లూ గాని, మామూలు జలుబు వైరస్‌లు గాని మనల్ని వదిలిపెడతాయా? టీకా జనం వేయించుకునేదే జలుబులు, దగ్గులు తిరిగే కాలంలో. శిబిరానికి వచ్చినవాళ్ళలో కొందరు అప్పటికే ఏదో ఒకటి ఒంట్లో పెట్టుకుని వస్తారు. మా ఖాలా జలుబు అటువంటిదే. పైగా ఫ్లూ టీకా ఫ్లూకు మాత్రమే. మామూలు పడిశానికి అది అడ్డుపడదు.

ఇక్కడ ఒక తమాషా అయిన పరీక్ష సంగతి చెబుతాను. అమెరికాలో మినియాపొలిస్, సెయింట్ పాల్ అనే జంట నగరాలున్నాయి, మన హైదరాబాదు సికింద్రాబాదుల్లాగా. అక్కడ ఉద్యోగాలు చేసుకునే 849 మందిని తీసుకుని సగంమందికి ఫ్లూ టీకా, సగంమందికి మందులేని ఉత్త ద్రవం వేశారు. ఎవరికి ఏది వేశారో వాళ్ళకు తెలియదు. 1995లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. చెయ్యి నొప్పి టీకా వేసిన వారిలో నూటికి 64 మందికి వచ్చింది, ఉత్త ద్రవం వేసిన వారిలో 24 మందికి వచ్చింది. అంటే చెయ్యి నొప్పి టీకాదే, అందులో సందేహం లేదు. కాని జ్వరం, ఒళ్ళు నొప్పులు, తలనొప్పి, నీరసం వంటివి? టీకా వేసినవారిలో నూటికి 35, ఉత్త ద్రవం వేసినవారిలో నూటికి 34! సూది పడిన వారంలో మనకు వచ్చే ప్రతి నలతనూ ఆ సూది మీద వేస్తాము. వయసు మళ్ళినవారి మీద అదే రాష్ట్రంలో చేసిన ఇంకో పరీక్ష 1990లో అచ్చయింది. అందులోనూ అంతే. చెయ్యి నొప్పి నూటికి 20 మందికి, ఉత్త ద్రవానికి 5 మందికి. మిగతా బాధల్లో తేడా లేదు.

అయితే మా ఖాలా జ్వరం ఉత్తదేనా అంటే, కాదు. థర్మామీటరు నేను చూశాను. అది టీకాదే కావచ్చు. నూరుమంది లెక్క ఒక మనిషి ఒంటికి చెప్పలేము. లెక్క చెప్పేది ఒక్కటే, అటువంటివి తక్కువ అని.

ఈ మామూలు బాధలకు వైద్యం పెద్దదేమీ లేదు. భుజానికి తడిగుడ్డ వేసుకోండి. చెయ్యిని కదలనివ్వకుండా గుడ్డలో కట్టుకోవద్దు, మామూలుగా ఆడించండి. జ్వరమో నొప్పులో వుంటే పారాసెటమాల్ వేసుకోవచ్చు. కొందరు తెలివిగా ముందే మాత్ర మింగి వస్తారు. ఆ అవసరం లేదు. రుద్దకండి. మా నాయనమ్మ కాలంలో సూది వేసినచోట ఉప్పుకాపడం పెట్టి రుద్దేవారు. ఆ పని చేస్తే వాపు పెరుగుతుంది.

ఇక, చెయ్యి నొప్పిలోనే ఒక ప్రత్యేకమైన సంగతి. ముఖ్యంగా పరదా అవతల వున్నవారు వినాలి. భుజం ఎముక కొసన కీలు వుంటుంది. దానికి రెండు మూడు వేళ్ళ కిందుగా కండ వుంటుంది. టీకా ఆ కండలో పడాలి. మరీ పైకి, కీలు దగ్గర పడితే, అక్కడి పొర వాచి నొప్పి వారాల తరబడి, ఒక్కొక్కరికి నెలల తరబడి వుంటుంది. చెయ్యి పైకి లేవదు, తల దువ్వుకోవడం కష్టమవుతుంది. అది మందు చేసిన హాని కాదు, సూది గుచ్చిన చోటు చేసిన హాని. మన ఆడవాళ్ళకు ఇది జరిగే వీలెక్కువ. యెందుకంటే, చేతులు బిగుతుగా వుండే కమీజు వేసుకుని వస్తారు. చెయ్యి పైకి మడవడానికి రాదు. సిగ్గుకొద్దీ మెడ దగ్గర బట్టను కొంచెం పక్కకు లాగి, కనిపించిన ఆ రెండంగుళాల చోటు చూపిస్తారు. వేసే ఆమెకూ తొందర. కనిపించిన చోట పొడిచేస్తుంది. అది కీలు. నా భార్యకే ఇలా జరిగింది, ఎక్కడని అడగకండి. నాలుగు నెలలు ఆమె జడ నేను వేశాను. నవ్వండి, ఫరవాలేదు, ఆమె కూడా అక్కడే కూర్చొని నవ్వుతున్నది. అందుచేత ఈసారి ఆడవాళ్ళకు వెనుక గదిలో ఆడ నర్సునే పెడుతున్నాము. చేతులు వదులుగా వుండే బట్టలు వేసుకుని రండి. భుజమంతా కనబడాలి. వేసే ఆమె కూర్చొని వేయాలి, మీరూ కూర్చొని వుండాలి.

సూది చూసి కళ్ళు తిరిగి పడిపోవడం ఇంకొకటి. ఇది మందుతో సంబంధం లేనిది, భయంతో వచ్చేది. ముసలివాళ్ళకంటె పడుచువాళ్ళే ఎక్కువ పడతారు. పోయిన శిబిరంలో కసరత్తు చేసే కుర్రవాడొకడు, పేరు చెప్పను, చొక్కా విప్పి కండలు చూపించి మరీ సూది వేయించుకుని, లేచి రెండడుగులు వేసి దభీమని పడ్డాడు. తలకు దెబ్బ తగిలింది. అందుకని వేయించుకున్నాక కూర్చోవాలి.

కూర్చోవడానికి అసలు కారణం ఇంకోటి. చాలా అరుదుగా, ఏ టీకాతోనైనా, తీవ్రమైన అలర్జీ రావచ్చు. పది లక్షల మోతాదులకు ఒకరికో ఇద్దరికో. ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి, పెదవులు, నాలుక వాస్తాయి, ఊపిరాడదు, బి.పి. పడిపోయి మనిషి చల్లబడతాడు. ఎక్కువగా నిమిషాల్లోనే మొదలవుతుంది. అక్కడ డాక్టరు వుండి వెంటనే తొడకు ఎడ్రినలిన్ సూది వేస్తే మనిషి దక్కుతాడు. ఇంటికి పోయే దారిలో వస్తే కష్టం. అందుకే ముప్పై నిమిషాలు. పోయినసారి "దుకాణం తెరవాలి", "కుక్కరు పొయ్యి మీద పెట్టి వచ్చాను" అని సగంమంది వెళ్ళిపోయారు. ఈసారి అరగంట అయ్యాకనే చీటీ మీద ముద్ర వేయించే ఏర్పాటు చేశాము. ఎడ్రినలిన్ లేకుండా, డాక్టరు లేకుండా ఎవరైనా ఇంటికొచ్చి టీకా వేస్తామంటే ఒప్పుకోవద్దు. కోడిగుడ్డు పడనివారు టీకా వేయించుకోరాదని వెనుక అనేవాళ్ళు. ఇప్పుడు ఆ అభిప్రాయం మారింది, వారు కూడా వేయించుకోవచ్చునంటున్నారు. అయినా డాక్టరుతో చెప్పండి, దాచవద్దు.

ఇప్పుడు పెద్ద భయానికి వస్తాను. చదువుకున్న కుర్రవాళ్ళు నన్ను తరచు అడుగుతారు: "అమెరికాలో ఫ్లూ టీకా వేస్తే కాళ్ళూ చేతులూ పడిపోయాయట గదా, దాచిపెట్టారట గదా?" పడిపోయిన మాట నిజం. దాచిపెట్టిన మాట అబద్ధం. 1976 మొదట్లో న్యూజెర్సీ రాష్ట్రంలో ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిబిరంలో పందుల ఫ్లూను పోలిన ఒక కొత్త ఫ్లూ పుట్టి, ఒక యువ సైనికుడు మరణించాడు. 1918 నాటి మహమ్మారి మళ్ళీ వస్తున్నదని భయపడ్డారు. ఆ 1918 ఫ్లూ అంటే మాటలు కాదు. ఒక్క మన దేశంలోనే కోటి ఇరవై లక్షలకు తక్కువ కాకుండా జనం పోయారు. అందుచేత అధ్యక్షుడు ఫోర్డు 1976 మార్చి 24న దేశంలోని ప్రతివారికీ టీకా వేస్తామని ప్రకటించాడు. నష్టపరిహారం భారం మా మీద పడితే మందు తయారు చెయ్యమని కంపెనీలు మొండికేస్తే, ఆగస్టులో ఆ భారం ప్రభుత్వం నెత్తిన వేసుకుంటూ ప్రత్యేకంగా చట్టం చేశారు. అక్టోబరు 1న మొదలుపెట్టి పది వారాల్లో నాలుగు కోట్ల మందికి పైగా టీకా వేశారు. ఫ్లూ మాత్రం రాలేదు! ఆ సైనిక శిబిరం దాటి బయటకే రాలేదు. వచ్చినదేమిటంటే, టీకా వేసుకున్నవారిలో గియాన్ బారే అనే నరాల జబ్బు మామూలుకంటె ఎక్కువగా కనబడింది. డిసెంబరు 16న కార్యక్రమం ఆపేశారు. లెక్కలు తీస్తే, లక్ష మందికి ఒకరి చొప్పున అదనంగా ఆ జబ్బు వచ్చినట్లు తేలింది.

ఆ జబ్బు ఏమిటంటే, కరెంటు తీగె మీద రబ్బరు తొడుగు వున్నట్లు మన నరాల మీద కూడా ఒక తొడుగు వుంటుంది. శరీరంలోని రక్షణ కణాలు పొరబాటున ఆ తొడుగునే శత్రువనుకొని కొరికేస్తాయి. పాదాల్లో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లుండటం, రెండు కాళ్ళూ బలహీనపడటం, అది పైకి పాకటం. చాలామంది నెలల మీద కోలుకుంటారు, కొందరికి ఊపిరి యంత్రం పెట్టవలసి వస్తుంది, కొందరు పోతారు కూడా. టీకాలతో ప్రమేయం లేకుండానే ఏటా లక్షకు ఒకరిద్దరికి ఈ జబ్బు వస్తూనే వుంటుంది. అంటే ఆరు లక్షల జనం వున్న పట్నంలో ఏటా ఆరు నుంచి పన్నెండు మంది. తరచు విరేచనాల తరువాత వస్తుంది. 2025 జనవరిలో పుణెలో ఒకేసారి ఎంతోమందికి వచ్చింది పేపర్లలో చూశారు గదా. అక్కడ టీకా కాదు, కలుషితమైన నీళ్ళను అనుమానించారు. ఫ్లూ జ్వరం వచ్చినవారికి కూడా ఈ జబ్బు రావచ్చు. టీకా తరువాతకంటె, అసలు ఫ్లూ తరువాత రావడమే చాలా రెట్లు ఎక్కువ. 1976 తరువాత ఏటేటా వేసే ఫ్లూ టీకాలను ఈ కంటితో కనిపెడుతూనే వున్నారు. తేలినదేమంటే, కొన్ని సంవత్సరాల్లో అసలు అదనం లేదు, వున్న సంవత్సరాల్లో పది లక్షలకు ఒకటి రెండు.

కనుక దీన్ని లేదనకూడదు, భూతద్దంలోనూ చూడకూడదు. గుర్తు మాత్రం చెబుతాను, జ్ఞాపకం పెట్టుకోండి. టీకా వేసుకున్న ఆరు వారాల లోపల రెండు పాదాల్లోనూ తిమ్మిరి పట్టి, నమాజులో సజ్దా నుంచి లేవడానికి చేతులు ఆనించవలసి వస్తే, నేల మీద కూర్చున్నవారు లేవలేకపోతే, మెట్లు ఎక్కలేకపోతే, నూనె మర్దనా, తావీజు అని రోజులు గడపకండి. ఆ పూటే నరాల డాక్టరున్న పెద్దాసుపత్రికి వెళ్ళండి. ముందుగా వెళితే దానికి మంచి వైద్యం వుంది.

ఇంకా రెండు సంఘటనలు వున్నాయి. 2010లో ఆస్ట్రేలియాలో ఒక కంపెనీ తయారుచేసిన ఫ్లూ టీకాతో అయిదేళ్ళలోపు పిల్లలకు ఎక్కువ జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. ఆ ఏప్రిల్‌లోనే ఆ వయసు పిల్లలకు టీకాను ఆపారు. అదే ఏడు ఫిన్లాండు, స్వీడన్ దేశాల్లో, అంతకు ముందు చలికాలంలో స్వైన్ ఫ్లూకు వేసిన ఒక రకం టీకా తరువాత కొందరు పిల్లల్లో పట్టపగలే నిద్రముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే జబ్బు కనబడింది. ఆ టీకా ఇప్పుడు వాడుకలో లేదు. ఇవన్నీ తెలిశాయంటే ఎవరో ఒక తల్లి, ఎవరో ఒక డాక్టరు "టీకా తరువాత ఇలా అయింది" అని వ్రాసి పంపబట్టే గదా. మన దేశంలో కూడా ఆ ఏర్పాటు వుంది. ఏదైనా పెద్ద బాధ కలిగితే ప్రైమరీ హెల్త్ సెంటరులో చెబితే, అక్కణ్ణుంచి జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసరుకు రిపోర్టు పోవాలి. మనవాళ్ళు ఆ పని చెయ్యరు. వీధిలో అందరికీ చెబుతారు, వ్రాసుకోవలసినవాడికి తప్ప.

సరే, ఇన్ని బాధలున్న టీకా ఎందుకు వేయించుకోవాలి అంటారా? ఫ్లూ వల్ల ప్రపంచం మొత్తం మీద ఏటా 2 లక్షల 90 వేల నుంచి 6 లక్షల 50 వేల మంది శ్వాసకోశ బాధలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో స్వైన్ ఫ్లూ మొదటి కేసు 2009 మే నెలలో హైదరాబాదులోనే తేలింది. అప్పుడు మూతికి గుడ్డలు కట్టుకుని తిరిగింది చాలామందికి గుర్తుండే వుంటుంది. 2015 మొదట్లో తెలంగాణలో అది మళ్ళీ రేగింది. టీకా దీన్ని పూర్తిగా ఆపుతుందా? ఆపదు. ఆ ఏటి టీకాకూ, ఆ ఏడు తిరిగే వైరస్‌కూ జత బాగా కుదిరితే, డాక్టరు దగ్గరికి పోవలసినంత ఫ్లూను నూటికి 40 నుంచి 60 వంతుల దాకా తగ్గిస్తుంది. జత కుదరని ఏడు ఇంకా తక్కువ. వచ్చినా మనిషిని మంచాన వెయ్యకుండా, ఆసుపత్రి దాకా పోకుండా కాపాడటం ఎక్కువ. వైరస్ ఏటేటా వేషం మారుస్తుంది గనుక టీకా కూడా ఏటేటా వేయించుకోవాలి. సర్కారువారు పిల్లలకు ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. డబ్బు పెట్టి కొనవలసిందే. అందుకే సొసైటీ సగం ఖర్చు భరిస్తున్నది. డబ్బు పెడుతున్నారు గనుక ఒక మాట. పెట్టె మీద ఏ సంవత్సరానిదో వ్రాసి వుంటుంది, చూసి వేయించుకోండి. ఎండలో, బల్లమీద పెట్టిన మందు వద్దు. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో వుండాలి, గడ్డ కట్టనూ కూడదు. మందుల అలమరాతో ముప్పై రెండేళ్ళు గడిపినవాణ్ణి, ఈ ఒక్క విషయంలో నేను చాదస్తుణ్ణే.

మనవాళ్ళు అడిగే రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, ఇందులో పంది కొవ్వు ఏమన్నా వుందా అని. భుజానికి వేసే చంపిన వైరస్ టీకాల్లో సాధారణంగా జెలటిన్ వుండదు. ముక్కులో పిచికారీ చేసే ఫ్లూ టీకాల్లో కొన్నింటిలో పంది నుంచి తీసిన జెలటిన్ వుంటుంది. మనం తెప్పిస్తున్నది భుజానికి వేసేది. పెట్టెలోని కాగితం నేనే చదివాను, అందులో జెలటిన్ లేదు. ఎవరైనా చూస్తామంటే శిబిరంలో చూపిస్తాను. రెండోది, రోజా వుండి వేయించుకోవచ్చునా అని. కండకు వేసే సూది ఆహారం కాదు గనుక రోజా భంగం కాదని చాలామంది ఉలమాలు చెప్పారు. మనసు ఒప్పకపోతే మీ మౌల్వీ సాహెబును అడగండి, లేదా ఇఫ్తార్ అయ్యాక వేయించుకోండి. హజ్‌కు పోయేవారికి మాత్రం గట్టిగా చెబుతాను. అక్కడ లక్షల మంది ఒకచోట చేరతారు. "హజ్ దగ్గు" అని పేరే వుంది. మెనింజైటిస్ టీకా ఎలాగూ వేస్తారు. వయసు మళ్ళినవారు, షుగరు, గుండెజబ్బు వున్నవారు ఫ్లూ టీకా కూడా బయలుదేరడానికి కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. విమానం ఎక్కే ముందురోజు వేయించుకుంటే చెయ్యి నొప్పి మీతో వస్తుంది, రక్షణ మాత్రం మీకంటె వెనుక వస్తుంది.

ఎవరు ఆగాలి? ఆ రోజు ఎక్కువ జ్వరం వున్నవారు తగ్గాక రావాలి. కొద్దిపాటి జలుబు అడ్డం కాదు. ఆరు నెలల లోపు పసివాళ్ళకు వెయ్యరు. ఫ్లూ టీకాతో ఇదివరకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు వేయించుకోకూడదు. ఇదివరకు ఫ్లూ టీకా తరువాత ఆరు వారాల్లో గియాన్ బారే వచ్చినవారు డాక్టరు చెప్పనిదే వేయించుకోకూడదు. షుగరు, బి.పి., ఉబ్బసం, గుండెజబ్బు వున్నవారు "మాకు రోగాలున్నాయి, మాకెందుకు" అంటారు. వారికే ముందు కావాలి. గర్భిణీలు కూడా వేయించుకోవచ్చు, వేయించుకోమనే చెబుతారు, వారి డాక్టరును అడిగి రండి. గుండెకు స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవారు ముందుగా చెప్పాలి. సన్న సూదితో వేసి, రుద్దకుండా రెండు నిమిషాలు గట్టిగా అదిమిపెడితే సరిపోతుంది. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు మొదటిసారి అయితే నెలరోజుల ఎడంతో రెండు మోతాదులు.

శిబిరం వచ్చేనెల రెండో ఆదివారం, ఉదయం తొమ్మిదింటి నుంచి జుహర్ దాకా. ఏదన్నా తిని రండి, పరగడుపున రావద్దు. వాడే మాత్రల చీటీ తీసుకురండి. ఒక్కొక్కరికి ఒక కాగితం ఇస్తాము. చెయ్యి నొప్పి, జ్వరం ఎన్నాళ్ళు వుండవచ్చునో, ఏ గుర్తు కనబడితే ఆసుపత్రికి పరుగెత్తాలో తెలుగులోను, ఉర్దూలోను అచ్చువేయించాము. అడుగున నా ఫోను నెంబరు వుంటుంది. రాత్రి ఎన్ని గంటలకైనా చెయ్యండి.

పోయిన శుక్రవారం ఆ కాగితం పట్టుకుని ఖాలా ఇంటికి వెళ్ళాను. ఆమెకు చదివి వినిపించాను. అంతా విన్నది. "అయితే ఈసారి కూడా జ్వరం వస్తుందా?" అని అడిగింది. "రావచ్చు ఖాలా. ఒకరోజు. చెయ్యి మాత్రం రెండు రోజులు నొప్పెడుతుంది" అన్నాను. కాసేపు ఊరుకుని, "పోయినసారి కుడిచెయ్యికి వేశారు, రొట్టెలు వత్తలేకపోయాను. ఈసారి ఎడమచెయ్యికి వెయ్యమను" అన్నది. పట్టికలో ఆమె పేరు రాసుకున్నాను, పక్కన ఎడమచెయ్యి అని కూడా. ఆ వీధిలోని మిగతా పదకొండు ఇళ్ళకు రేపు సాయంత్రం అసర్ తరువాత వెళుతున్నాను. నాతో వచ్చే కుర్రవాళ్ళు ఇద్దరు ముగ్గురు వుంటే సభ అయ్యాక గేటు దగ్గర కలవండి.